కొట్టని బండల మీద మూడు రోజులు

మా నాయన నలభై ఏళ్ళు బండ కొట్టాడు. కుప్పం దగ్గర పల్లె మాది. మా వైపు దొరికే రాయికి మార్కెట్లో ‘కుప్పం గ్రీన్’ అని పేరు. నాయనకు ఆ పేరుతో పని లేదు. ఆయన లెక్కలో రాళ్ళు రెండే రకాలు, మాట వినేది, విననిది. ఉలి పెట్టిన వరసలో చీలితే మాట వినే రాయి. పక్కకు పగిలితే విననిది. ఆ రోజు కూలీ పోయినట్టే.

ఇప్పుడు ఆయనకు అరవై ఎనిమిది. కుడి చెవి సరిగ్గా వినపడదు. మోకాళ్ళు పట్టేస్తాయి. అమ్మ పోయాక నేనే తిరుపతికి తీసుకొచ్చుకున్నాను. మా ఇంటి బాల్కనీలో కుర్చీ వేసుకుని రోజంతా తిరుమల కొండ వైపు చూస్తూ కూర్చునేవాడు. దేవుడి మీద ధ్యాస అనుకున్నాను. ఒక పొద్దున కాఫీ ఇస్తుంటే అన్నాడు: “ఇది మన రాయి కాదమ్మా. పలకలు పలకలుగా పేర్చినట్టుండాది చూడు. మన బండ దీనికి అడుగున ఉంటాది.”

నాయన బడికి పోయింది రెండో తరగతి దాకా. కానీ ఆ మాట అక్షరాలా నిజం. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన కొండను తొలిచినచోట ఇది కనిపిస్తుంది. అడుగున రెండు వందల కోట్ల ఏళ్ళు దాటిన గ్రానైట్. దాని నెత్తిన, ఒకప్పుడు నీళ్ళ అడుగున పేరుకున్న ఇసుక గట్టిపడి రాయిగా మారిన క్వార్ట్‌జైట్ పొరలు. కింది రాయికీ పై రాయికీ మధ్య కోట్ల ఏళ్ళ ఆనవాళ్ళు లేవు, అంతా కోసుకుపోయింది. భూగర్భ శాస్త్రవేత్తలు దాన్ని ‘ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ’ అంటారు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించింది. మొక్కు తీర్చుకోవడానికి వెళ్ళేటప్పుడు మనం దాని పక్క నుంచే వెళ్తాం, తల తిప్పి చూడం.

ఆ మాట విన్న రోజే అనుకున్నాను, ఈయనను మన బండ ఉన్న కొండల మీదకు తీసుకెళ్ళాలని. కొట్టడానికి కాకుండా చూడడానికి. మోకాళ్ళ వల్ల పెద్ద ట్రెక్కింగులు కుదరవు. అరగంట నడక, గంట కూర్చోవడం, మళ్ళీ అరగంట. ఎంచుకున్నవి రెండు: చంద్రగిరి కోట కొండ, హార్స్‌లీ హిల్స్. మా అబ్బాయి స్కూలుకు శుక్ర, శనివారాలు సెలవు కలిసొచ్చింది. వాడికి పదేళ్ళు. నవంబరు నెల, వానలు కాస్త తెరిపిచ్చాయి.

మొదటి రోజు, శుక్రవారం

బయలుదేరేసరికి తొమ్మిదిన్నర. అది మొదటి తప్పు. శుక్రవారం చంద్రగిరిలో రాజమహల్ మ్యూజియానికి సెలవని చూసుకోకపోవడం రెండోది. రెండూ నావే. అరగంటలో చంద్రగిరి చేరాక, మహల్ ఎటూ మూసి ఉంది కదా, కొండ మీదకన్నా కొంచెం వెళ్దామని నడిచాం.

వానలు కురిసి పోయిన నెల కాబట్టి అడుగున అంతా పచ్చగా ఉంది. పైకి పోయేకొద్దీ గుండ్లు, వాటి మధ్య ముళ్ళ కంపలు, కోట గోడల ముక్కలు. పది నిమిషాలు ఎక్కామో లేదో నాయన ఆగిపోయాడు. వంగి బండ మీద అరచేయి ఆనించి చూశాడు.

“ఎండెక్కింది. ఇంక దిగుదాం.”

నవంబరు ఎండకే ఇంత భయమా అన్నాను. ఆయన విసుక్కోలేదు. క్వారీలో తెల్లవారుజామున అయిదింటికి పని మొదలుపెట్టి, పదికి దిగేసి, మళ్ళీ ఎండ వాలాక నాలుగింటికి ఎక్కేవాళ్ళట. బండ పొద్దుటి చల్లదనాన్ని కాసేపే ఉంచుకుంటుంది. ఒకసారి వేడి పట్టిందంటే చీకటిపడ్డాక కూడా వదలదు. పైనుంచి ఎండ, కాళ్ళ కింద పెనం. నీడనిచ్చే చెట్టు ఉండదు. “బండ మీదకి పొద్దున పోవాల, లేదా మాపటేళ పోవాల. మధ్యలో అది మనుషులకు కాదు,” అన్నాడు.

దిగేశాం. ఆదివారం తిరుగు ప్రయాణంలో సాయంత్రం పూట మళ్ళీ వద్దామని అనుకున్నాం. మావాడికి కోపం వచ్చింది, కోట చూడకుండానే వెనక్కి తెచ్చామని. కారులో బొరుగులు, వేయించిన శెనక్కాయలు ఇచ్చి సముదాయించాను.

తర్వాత దారి మామూలే. భాకరాపేట ఘాట్ జాగ్రత్తగా దాటి, పీలేరులో రాగి సంగటి, ఊరుబిండి తిని, వాయల్పాడు మీదుగా మదనపల్లె. ఊరి దగ్గర టమాటా క్రేట్లు నింపుకున్న లారీలు వరసగా. ఆ వాసన కారు అద్దాలు ఎత్తినా ఆగలేదు. అక్కడి నుంచి కొండ దాకా రోడ్డుకు రెండు పక్కలా గుండ్ల గుట్టలే. నాయన మదనపల్లె దాటినప్పటి నుంచి నిద్రపోలేదు. కిటికీలోంచి ఒక్కో గుట్టనూ చూస్తూ, ఏది ఏ వైపుకు చీలుతుందో తనలో తాను చెప్పుకుంటున్నాడు.

ఘాట్ ఎక్కుతుంటే మావాడు అడిగాడు, హార్స్‌లీ అంటే గుర్రాల కొండా అని. కాదు, అది ఒక దొర పేరు. 1870 ప్రాంతంలో కడప కలెక్టరుగా ఉన్న హార్స్‌లీ ఎండాకాలం ఉండడానికి ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు. చిత్తూరు జిల్లాకు కడప కలెక్టరు ఎందుకొచ్చాడంటే, అప్పటికి చిత్తూరు జిల్లానే లేదు. అది ఏర్పడింది 1911లో. అంతకుముందు మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు మళ్ళీ మా నుంచి వేరైంది. ఏ జిల్లాలో రాసుకున్నా, చిన్నప్పుడు స్కూలు టూరంటే మాకు ఈ కొండే.

దొర రాకముందు దీని పేరు ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే చిన్నపిల్లను ఇక్కడి ఏనుగులు సాకాయని, జబ్బుపడి కొండెక్కి వచ్చినవాళ్ళకు ఆ పిల్ల మందు ఇచ్చేదని, ఒకరోజు ఎవరికీ చెప్పకుండా మాయమైందని కథ. కొండ మీద ఆమెకు గుడి ఉంది. నాకు ఈ పేరే ఇష్టం. ఏనుగుల మందలాగా ఒకదానికొకటి ఆనుకుని పడుకున్న ఈ గుండ్లను చూసినవాళ్ళెవరికైనా అదే పేరు తోస్తుంది.

చేరేసరికి అయిదు దాటింది. ఫోనులో కింది అంతస్తు గది కావాలని, పెద్దాయనకు మెట్లు కష్టమని రెండుసార్లు చెప్పాను. తీరా వెళ్తే పై అంతస్తు తాళం చేతిలో పెట్టారు. నాయన గోడ పట్టుకుని ఒక్కో మెట్టు ఎక్కుతుంటే నాకు ఏడుపొచ్చింది. పెద్దవాళ్ళు ఉన్న ఇల్లు ప్రయాణం పెట్టుకునేది ఇలాంటి చిన్న మాట నమ్ముకునే కదా. మర్నాడు గది మార్పించాను. ఆ సాయంత్రానికి మాత్రం ఇంక ఎక్కడికీ కదల్లేదు. రగ్గు కప్పుకుని చలిని వింటూ పడుకున్నాం.

రెండో రోజు, శనివారం

అయిదింటికే నాయన లేచి కూర్చున్నాడు. ఆరు కాకముందే గాలిబండ మీద ఉన్నాం.

గాలిబండ పేరుకు తగ్గట్టే ఉంటుంది. వెడల్పాటి పరుపు బండ, ఎక్కడా పగుళ్ళు లేకుండా ఒకే రాయిగా పరుచుకుని, చివరన లోయలోకి వంగుతుంది. ఏ కాలంలో వెళ్ళినా గాలి తోసేస్తుంది. కొండ సముద్రమట్టానికి 1200 మీటర్లకు పైనే ఉంది కాబట్టి ఆ పొద్దున మబ్బు మా కింద ఉంది. చిన్న చిన్న గుట్టల తలకాయలు మాత్రం పైకి తేలి, పాలల్లో వేసిన బెల్లం ముక్కల్లాగా కనిపించాయి. కాసేపటికి ఎండ తగిలి మబ్బు చిరిగింది. ముందు ఒక చెరువు తళుక్కుమంది, తర్వాత రోడ్డు, తర్వాత పొలాల గళ్ళు.

మావాడు చివరి దాకా పరుగెత్తబోయాడు. నాయన గొంతు అంత పెద్దగా వినడం చాలా ఏళ్ళ తర్వాత అదే. “ఆగరా! బండ వంగేకాడికి పోవద్దు!”

తర్వాత వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు. మేడ మీద పిట్టగోడ ఉంటుంది, అంచు ఎక్కడో తెలుస్తుంది. ఇలాంటి బండకు అంచు ఉండదు. కొంచెం వాలుగా ఉంటుంది, ఇంకొంచెం, ఇంకొంచెం. కాలికి తేడా తెలిసేసరికి వెనక్కి రాలేని చోట ఉంటాం. పైగా వాన నీళ్ళు పారిన నల్లచారలు ఉంటాయి. ఎండినప్పుడు ఏమీ కాదు, తడిస్తే సబ్బు రుద్దినట్టే. నడిచేటప్పుడు నల్లచార కనపడితే దాటి అడుగెయ్యాలి, దాని మీద వెయ్యకూడదు. నేను ఈ కొండకు నాలుగైదుసార్లు వచ్చాను, ఫొటోలు దిగాను. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు.

నాయన చెప్పులు విప్పేశాడు. చలికి రాయి జిల్లుమంటోంది, అయినా వినలేదు. బండ మీద పది అడుగులు వేసి ఒక చోట ఆగి, చేతిలోకి గులకరాయి తీసుకుని తట్టాడు. టంగ్ అంది. రెండడుగులు పక్కకు వేసి మళ్ళీ తట్టాడు. ఈసారి డొల్లగా, కుండ మీద తట్టినట్టు. “ఈడ పొర లేచింది,” అన్నాడు.

వెతికితే నిజంగానే అంచున సన్నని సందు కనిపించింది, మావాడి అరచేయి దూరేంత. బండ పైపొర ఒక జానెడు మందాన, లోపలి బండ నుంచి విడిపోయి ఉంది. గ్రానైట్ భూమి లోతుల్లో మెల్లగా చల్లారి గట్టిపడిన రాయి. దాని మీద ఉన్న బరువంతా కోట్ల ఏళ్ళలో కొట్టుకుపోయి, అది బయటపడ్డప్పుడు ఊపిరి పీల్చుకున్నట్టు కొంచెం ఉబ్బుతుంది. అప్పుడు పైపొర ఉల్లిపొరలాగా లేస్తుంది. ఈ కొండలన్నీ గుండ్రంగా, నున్నగా కనపడేది అందుకే. కోసిన ఉల్లిపాయను బోర్లించినట్టు, పొర తర్వాత పొర వదులుకుంటూ.

ఇది నేను చదువుకున్న సంగతి. నాయనకు తెలిసిన సంగతి వేరు. ఆయన కుర్రతనంలో మిషన్లు రాకముందు, పరుపు బండ మీద కట్టెలు పేర్చి మంట పెట్టేవాళ్ళట. గంటల తరబడి సన్నగా మండిస్తూ, మంటను కొంచెం కొంచెంగా జరుపుకుంటూ పోతే, వేడికి పైపొర ఉబ్బి ‘టప్’మని లేచేది. ఆ శబ్దం కోసం చెవి పెట్టుకుని ఉండడమే మేస్త్రీ పని. తొందరపడి మంట ఎక్కువ చేస్తే ముక్కలు ముక్కలుగా పేలిపోతుంది. “కొండ లక్ష ఏండ్లకు చేసే పని మేము ఒక పగల్లో చేయించేటోళ్ళం,” అన్నాడు. చెప్పేటప్పుడు ఆయన చెయ్యి తనకు తెలియకుండానే బండను నిమురుతోంది.

మావాడు భూతద్దం తెచ్చుకున్నాడు. ముగ్గురం తలలు ఆనించి చూశాం. దూరం నుంచి బూడిదరంగు అనుకునేది దగ్గరికి వస్తే ఒక్క రంగు కాదు. గాజుముక్కల్లా మెరిసేది పలుగురాయి. పాలరంగులో, అక్కడక్కడ లేత గులాబీలో, చదునుగా మెరిసే పలుకులు ఫెల్డ్‌స్పార్. నల్లగా, గోటితో గీకితే రేకులుగా లేచేది అభ్రకం. పలుకుల మధ్య బూడిదాకుపచ్చగా అంటుకున్న మచ్చలు రాయి కాదు, ప్రాణమున్నవి. అవి లైకెన్లు. వేళ్ళు లేకుండా బండను పట్టుకుని, దాన్ని కొద్దికొద్దిగా తింటాయి. వాడు అర గంట లేవలేదు. ఫోను అడగలేదు.

కొంచెం పైన దొన ఉంది. బండలో సహజంగా పడిన గుంటలో వాన నీళ్ళు, మూర లోతు కూడా లేదు. అడుగున చారెడు మట్టి, అందులో నాలుగు గడ్డిపోచలు, చిటికెన వేలి గోరంత కప్పపిల్లలు. ఎండాకాలానికి ఈ నీళ్ళుండవు. అప్పటికల్లా ఇవి ఎదిగి గంతేసి పోవాలి. క్వారీ పనికి పోయినప్పుడు నాయనావాళ్ళు ఇలాంటి దొనల్లో నీళ్ళే గుడ్డ అడ్డం పెట్టి తాగేవాళ్ళట. ఇక్కడి దొనలో మాత్రం రెండు బిస్కెట్ కవర్లు, ఒక పగిలిన సీసా. మావాడు ఒక్కొక్కటే ఏరి సంచిలో వేశాడు. పక్కనే ఎవరో తెల్ల పెయింటుతో రాసుకున్న పేర్లు, మధ్యలో గుండె బొమ్మ. చెత్త ఏరేయొచ్చు. పెయింటును ఏం చేస్తాం? గీకితే లైకెన్లూ పోతాయి. దయచేసి అలా రాయకండి. ఆ మచ్చ అరచేయంత పెరగడానికి ఎన్నేళ్ళు పట్టిందో మనకు తెలియదు. దాని మీద మన పేరు రాసే హక్కు మనకెక్కడిది?

ఎనిమిదిన్నరకు ఎండ ముదరకముందే చెట్ల నీడలోకి వచ్చేశాం. 1859లో నాటిన యూకలిప్టస్ చెట్టు ఉంది, పేరు కల్యాణి. 1995లో దానికి మహావృక్ష పురస్కారం ఇచ్చారు. మొదలు చుట్టూ ముగ్గురం చేతులు చాపితే అందుతుందేమో అని మావాడి ఉబలాటం. కొత్త బెరడు నున్నగా చల్లగా ఉంది. గంగోత్రి చెరువు, పార్కు చూశాం. వాటి గురించి చెప్పడానికి పెద్దగా లేదు, పిల్లలకు బాగుంటుంది.

పక్షులంటే ఇష్టమున్నవాళ్ళకు మాత్రం ఒక మాట. పసుపు గొంతు పికిలిపిట్ట అని ఒకటుంది. అది దక్షిణాదిలో ఇలాంటి గుండ్లు, పొదలు ఉన్న కొండల్లోనే బతుకుతుంది. హార్స్‌లీ, దిగువన రిషివ్యాలీ చుట్టుపక్కల గుట్టలు దాని ఇళ్ళు. కొండను పగలగొడితే ఇంకో చోటుకు పోయి బతకలేదు. మాకు గొంతు వినపడింది, గుండ్ల సందులో పసుపు మెరుపు ఒక్క క్షణం కనపడింది. అదేనని ఒట్టేసి చెప్పలేను, కానీ మావాడు డైరీలో రాసుకున్నాడు.

సాయంత్రం నాలుగున్నరకు మళ్ళీ బండ మీదకు. ఈసారి జనం ఎక్కువ. మేము పక్కకు, కాస్త ఎత్తులో, వీపు ఆనించుకోవడానికి గుండు ఉన్న చోట కూర్చున్నాం. వాలు ఎండలో దిగువ గుట్టలన్నీ ఎర్రబడ్డాయి. అప్పుడు కనపడింది, దూరంగా ఒక గుట్ట పక్క భాగం తెల్లగా, మెట్లు మెట్లుగా కోసినట్టు. క్వారీ. పొద్దున మబ్బులో తెలియలేదు.

నాయన చాలాసేపు అటే చూశాడు. నేను మాట మార్చబోయాను.

“అట్లాంటి దాన్ని కొట్టే నిన్ను చదివించినా,” అన్నాడు.

తెలుసు నాయనా అన్నాను. ఆయన నా వైపు తిరగలేదు. “పనిలో ఉన్నన్ని దినాలు కొండ యాడ మొదలుపెట్టాల, యాడ చీల దించాల, ఇదే చూపు. నిలబడి మొత్తం కొండను ఎప్పుడూ చూడలా. ఇంత అందంగా ఉంటాదని నాకు తెలీదమ్మా.”

ఏం చెప్పాలో తోచలేదు. క్వారీ లేకపోతే మా ఇంట్లో అన్నం లేదు, నా ఉద్యోగం లేదు. ఆ గుట్ట ఇంక తిరిగి రాదన్నదీ అంతే నిజం. రెండూ ఒకేసారి గొంతులో అడ్డం పడ్డాయి. సూర్యుడు కొండల వెనక్కి దిగిపోయాక గాలి ఇంకా ఎక్కువైంది. మావాడు తాత శాలువాలో దూరాడు. బండ మాత్రం కింద ఇంకా గోరువెచ్చగానే ఉంది. పగటి ఎండను అది మెల్లగా వదులుతోంది, నిన్న ఆయన చెప్పినట్టే.

మూడో రోజు, ఆదివారం

పొద్దున ఇంకోసారి గాలిబండ మీదకు వెళ్ళొచ్చి, తొమ్మిదికి కొండ దిగాం. చంద్రగిరి చేరేసరికి మధ్యాహ్నం రెండు. ఎండ తగ్గేదాకా రాజమహల్.

1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత హంపి పాడుబడిపోతే విజయనగర రాజులు పెనుకొండకు, ఆ తర్వాత చంద్రగిరికి రాజధాని మార్చుకున్నారు. 1639లో ఈస్టిండియా కంపెనీకి మద్రాసులో చోటు దొరికిన కథలోనూ చంద్రగిరి రాజుల పేరు వస్తుంది. మూడంతస్తుల రాజమహల్‌ను రాయి, ఇటుక, సున్నంతో కట్టారు. కలప వాడలేదు. మ్యూజియంలో విగ్రహాల దగ్గర నాయన ఒక్కోదాని ముందూ ఆగాడు. దేవుడి ముఖం కాదు ఆయన చూసేది, వేళ్ళ సందులు. “ఈ రాయిలో ఇంత సన్నంగా ఉలి తిప్పడమంటే మాటలు కాదు. ఒక్క దెబ్బ ఎక్కువైతే వేలు పోతాది, ఆరు నెలల పని పోతాది.” పక్కన రాణీమహల్ బయట గడ్డిలో కాసేపు నడుం వాల్చాడు.

మూడున్నరకు కొండ దారి పట్టాం. శుక్రవారం దిగిపోయిన చోటు దాటి ఇంకో ఇరవై నిమిషాలు, అంతే. పైదాకా పోవాలన్న పట్టుదల ఎవరికీ లేదు. కోట గోడలో పెద్ద పెద్ద రాళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి కూర్చున్నాయి. వెనక్కి తిరిగితే రెండు మహళ్ళు, పక్కన చెరువు, దూరంగా ఊరు. ఇంకా దూరంగా తిరుమల కొండల పలకలు, నాయన బాల్కనీలోంచి చూసే కొండలే, ఇంకో వైపు నుంచి. మేము కూర్చున్నది గ్రానైట్. ఎదురుగా ఉన్నది దాని నెత్తిన పేరుకున్న రాయి. నాయన రెంటినీ వేలితో చూపించి మావాడికి చెప్తున్నాడు, ఇది అడుగు, అది పైన.

దిగేటప్పుడు దారి పక్క ఒక గుండు దగ్గర ఆయన ఆగాడు. మేము పది అడుగులు ముందుకు పోయి, వెనక రాలేదని తిరిగి వచ్చాం. గుండు మీద వరసగా చిన్న చిన్న గుంటలు, ఒక్కోటి బొటనవేలు పట్టేంత వెడల్పు, దారం పెట్టి గీసినట్టు సూటిగా. రాయిని చీల్చడానికి చీలలు దించే గుంటలు. నాయన ఒక్కో గుంటలో వేలు పెట్టి లెక్కపెట్టాడు. పదకొండు. ఎవరు, ఎప్పుడు కొట్టారో తెలియదు. అంచులు వానకు అరిగి మెత్తబడి ఉన్నాయి.

“జానకు మూడు. మేము కొట్టేది ఇట్లనే,” అన్నాడు. ఆయన ముఖంలో, చాలా ఏళ్ళ కిందట విడిపోయిన తోటి పనివాడు ఎదురైనట్టు ఏదో వెలుగు.

“మరి ఎందుకు పగలలేదు తాతా?”

నాయన గుండు చుట్టూ తిరిగి వచ్చాడు. గులకరాయితో నాలుగు చోట్ల తట్టి, ఎడమ చెవి ఆనించి విన్నాడు. ఆఖరి గుంటను మళ్ళీ తడిమాడు. మిగతా పదింటికంటే అది లోతు తక్కువ, సగంలో ఆగిపోయింది.

“పగలక కాదు. చీల పెట్టనే లేదు. ఇది పూర్తి కాకముందే లేచి పోయినాడు.”

మావాడు ఆ సగం గుంటలో వేలు పెట్టి చూశాడు. నాయన వాడి ఎడమ చేతిని పట్టుకుని, పిడికిలి ముడిచి, ఉలి పట్టుకున్నట్టు గుంట మీద నిలిపాడు. “ఇట్ల పట్టుకోవాల. గట్టిగా కాదు. చెయ్యి వదులుగా ఉండాల, లేకపోతే దెబ్బంతా నీ మణికట్టుకే తగుల్తాది.” వాడు కుడి చేత్తో లేని సుత్తిని ఎత్తాడు. నేను మెట్టు మీద కూర్చుని నీళ్ళ సీసా మూత తీశాను. ఇంకా వెలుతురుంది, తొందరేం లేదు.